జెఫర్సన్ హంట్ ఎవరి మనిషి?

కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే లాస్ ఏంజెలిస్ నుంచి వేగాస్‌కి వెళ్ళే రోడ్డు ఒకటుంది, ఇంటర్‌స్టేట్ 15. కహోన్ కనుమ ఎక్కి, అవతల ఎడారిలోకి దిగి ఎంతసేపు నడిపినా శాన్ బెర్నార్డినో కౌంటీ (మన జిల్లా లాంటిది) అయిపోదు. అలాస్కాని పక్కన పెడితే అమెరికా మొత్తంలో ఇంత పెద్ద కౌంటీ ఇంకోటి లేదు, సుమారు 52,000 చదరపు కిలోమీటర్లు. ఈ కౌంటీ కోసం 1853లో బిల్లు పెట్టినవాడూ, అంతకు నాలుగేళ్ళ ముందు ఇంచుమించు ఇదే దారిన ఎడ్లబళ్ళ బిడారాన్ని నడిపించినవాడూ ఒకడే: కెప్టెన్ జెఫర్సన్ హంట్. మోర్మన్. ఇద్దరు భార్యలు. కాలిఫోర్నియా అసెంబ్లీలో వరసగా ఐదేళ్ళు కూర్చున్న ఎమ్మెల్యే. ఆరో ఏడు వచ్చేసరికి ఇల్లూ పొలమూ అయినకాడికి అమ్మేసి, బళ్ళు కట్టుకుని వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న యూటాకి వెళ్ళిపోయాడు. ఎన్నికల్లో ఓడిపోయి కాదు. వెనక్కి రమ్మని కబురొచ్చింది, అంతే.

ఈ చివరి ముక్క దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఒక రాష్ట్ర శాసనసభ్యుడు, ఆ రాష్ట్ర మిలీషియాలో బ్రిగేడియర్ జనరల్ హోదా ఉన్నవాడు, వేరే టెరిటరీలో (ఇంకా రాష్ట్రం కాని ప్రాంతంలో) కూర్చున్న మతపెద్ద ఒక్క మాట పంపితే అన్నీ వదిలేసి వెళ్ళిపోవడమేంటి? అసలు ఇతను ఎవరి తరఫున పనిచేసినట్టు? అప్పట్లో పక్క ఊళ్ళవాళ్ళు అడిగిన ప్రశ్న కూడా ఇదే. దానికి జవాబు వెతకాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

హంట్ పుట్టింది కెంటకీలో, 1800ల మొదట్లో. పెరిగింది ఇల్లినాయ్‌లో. సీలియా మౌంట్స్‌ని పెళ్ళి చేసుకుని వ్యవసాయం చేసుకుంటున్న మనిషి 1835లో మోర్మన్ మతం పుచ్చుకున్నాడు. అప్పటికి ఆ మతం వయసు ఐదేళ్ళే. న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు తనకు దేవుడి నుంచి సందేశాలు వస్తున్నాయని 1830లో చర్చి పెట్టాడు. వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ఒక పద్ధతి ఉండేది: గుంపుగా రావడం, గుంపుగా భూమి కొనడం, గంపగుత్తగా ఓటెయ్యడం. చుట్టుపక్కలవాళ్ళకి మత సిద్ధాంతం కన్నా ఈ మూడే ఎక్కువ టెన్షన్ పెట్టాయని నా అభిప్రాయం. మిస్సోరీలో గొడవలు ముదిరి 1838 అక్టోబర్ 27న గవర్నర్ బాగ్స్ ఏకంగా ఉత్తర్వే ఇచ్చాడు, మోర్మన్లని నిర్మూలించండి లేదా రాష్ట్రం నుంచి తరిమెయ్యండి అని. హంట్ కుటుంబం కూడా అలా తరిమేసిన వాళ్ళలోనే ఉంది. ఇల్లినాయ్‌లో నావూ అనే ఊరు కట్టుకున్నారు. 1844లో అక్కడా జోసెఫ్ స్మిత్‌ని జైల్లోనే ఒక మూక కాల్చి చంపింది. 1846లో మళ్ళీ మూటాముల్లె సర్దుకున్నారు. ఈసారి అమెరికా సరిహద్దే దాటేసి పడమరకి పోదామని వాళ్ళ ఆలోచన, యూటా అప్పటికింకా మెక్సికోది.

సరిగ్గా అప్పుడే మెక్సికోతో యుద్ధం మొదలైంది, అమెరికా సైన్యం వచ్చి ఐదువందల మందిని పంపండి అని అడిగింది. తమని కాపాడని ప్రభుత్వం కోసం యుద్ధానికా? మామూలుగా అయితే ఎవరూ కదలరు. కానీ చర్చి పగ్గాలు పట్టిన బ్రిగమ్ యంగ్ లెక్క వేరు. ఒక్కో సైనికుడికి యూనిఫాం ఖర్చు కింద ఏడాదికి 42 డాలర్లు ముందే ఇస్తారు, యూనిఫాం కొనుక్కోకపోయినా అడిగేవాళ్ళు లేరు. ఐదువందల మందంటే 21,000 డాలర్లు రొక్కం. బళ్ళకీ ఎడ్లకీ చిల్లిగవ్వ లేక చెరువు గట్టున డేరాలేసుకున్నట్టు మిస్సోరీ నది ఒడ్డున పడి ఉన్న జనానికి అది చాలా పెద్ద మొత్తం. అలా పుట్టిందే మోర్మన్ బెటాలియన్. హంట్ ‘ఎ’ కంపెనీకి కెప్టెన్. ఇద్దరు కొడుకులు కూడా అదే బెటాలియన్‌లో చేరారు, భార్యలిద్దరూ పిల్లలతో వెంట బయల్దేరారు. (రెండో భార్య మటిల్డా నీస్‌ని పెళ్ళాడి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. బయటికి చెప్పుకోకపోయినా పైస్థాయి మోర్మన్లలో బహుభార్యత్వం అప్పటికే నడుస్తోంది.)

దారిలో కమాండర్ కర్నల్ అలెన్ జబ్బుచేసి చనిపోతే, సీనియర్ కెప్టెన్‌గా నాయకత్వం హంట్‌కి రావాల్సింది. కానీ బయటి నుంచి వచ్చిన రెగ్యులర్ ఆర్మీ లెఫ్టినెంట్‌కి అప్పగించడానికి అందరూ కూర్చుని ఒప్పుకున్నారు, హంట్ కూడా. జబ్బుపడ్డవాళ్ళనీ కుటుంబాలనీ ప్యూబ్లోకి, అంటే ఇప్పటి కొలరాడోకి, పంపేసి మిగిలినవాళ్ళు నడక సాగించారు. మొత్తం దాదాపు మూడువేల కిలోమీటర్లు. 1847 జనవరి చివర్లో శాన్ డియేగో చేరేసరికి కాలిఫోర్నియాలో యుద్ధం అయిపోయింది. ఒక్క మెక్సికన్ సైన్యంతో కూడా తలపడకుండానే ఏడాది సర్వీసు ముగిసింది.

ఈలోపు మిగతా మోర్మన్లు యూటాలో సాల్ట్ లేక్ దగ్గర స్థిరపడ్డారు. వాళ్ళని చేరిన హంట్‌ని మళ్ళీ ఆ చలికాలంలోనే కాలిఫోర్నియా పంపారు, సాల్ట్ లేక్‌లో పశువుల్లేవు, విత్తనాల్లేవు అని. దక్షిణం వైపు ఎడారి దారి పట్టారు, తిండి అయిపోయి గుర్రాల్నే కోసుకు తిన్నారు. దక్షిణ కాలిఫోర్నియాలో చీనో రాంచోకి (రాంచో అంటే పశువులు పెంచే పెద్ద ఎస్టేటు) చేరి ఆవులూ ఎద్దులూ గోధుమ విత్తనాలూ తీసుకుని తిరిగొచ్చారు. దాహానికి దారిలో చాలా పశువులు చచ్చిపోయాయి. కానీ ఈ ప్రయాణంతో హంట్‌కి ఒక ఆస్తి దొరికింది. ఆ ఎడారిలో నీళ్ళెక్కడున్నాయో తెలిసిన కొద్దిమందిలో ఒకడయ్యాడు.

ఇక 1849 సంగతి. ఈ మనిషిని అర్థం చేసుకోవడానికి నేనైతే అసెంబ్లీ రికార్డుల కన్నా దీన్నే ముందు చూస్తాను.

బంగారం వేటకి కాలిఫోర్నియా పోతున్నవాళ్ళు వందలమంది ఆ ఏడు ఆలస్యంగా సాల్ట్ లేక్ చేరారు. ఉత్తరాన సియెర్రా కొండలమీద మంచు పడిపోతుంది, 1846లో డానర్ గుంపు అక్కడే మంచులో ఇరుక్కుని శవాల్ని తిన్న కథ అందరికీ గుర్తే. దక్షిణం దారి తెలిసిన హంట్ బండికి 10 డాలర్ల చొప్పున తీసుకుని తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నాడు. నూరు బళ్ళకి పైనే. అయితే బీవర్ నది దగ్గర ఒకచోట హంటే అడ్డదారి వెతుకుతూ పొరపాటు చేశాడు, నీళ్ళు దొరకలేదు, బిడారం వెనక్కి తిరగాల్సి వచ్చింది. దాంతో గైడ్ మీద నమ్మకం సగం పోయింది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి స్మిత్ అనే ఒకాయన వచ్చి ఒక మ్యాప్ చూపించాడు, ఇక్కణ్ణించి నేరుగా పడమరకి తిరిగితే వందల మైళ్ళు కలిసొస్తాయి అని. మ్యాప్ మీద గీత ఉంది, మరి నేలమీద దారి?

ఇప్పటి ఎంటర్‌ప్రైజ్ అనే ఊరికి దగ్గర్లో దారి చీలే చోట మీటింగ్ పెట్టారు. తనకు తెలియని దారిన తను తీసుకెళ్ళలేనని హంట్ చెప్పాడు. అందరూ అటే పోతామంటే నేనూ వస్తాను, కానీ ఒక్క బండి పాత దారిన పోతానన్నా నా మాట ప్రకారం ఆ ఒక్క బండితోనే పోతాను అన్నాడట. నూరు బళ్ళు అటు తిరిగాయి. ఏడు మిగిలాయి. హంట్ ఆ ఏడు బళ్ళతో నడిచి డిసెంబర్‌లో క్షేమంగా చీనో రాంచో చేరాడు. అటు తిరిగినవాళ్ళు కొద్ది రోజుల్లోనే ఒక లోయ అంచుకి వచ్చి ఆగిపోయారు, చాలామంది వెనక్కి తిరిగి హంట్ బండిజాడల్ని పట్టుకున్నారు. తిరగనివాళ్ళు వెళ్ళి ఇరుక్కున్న పల్లం పేరే డెత్ వ్యాలీ. ఆ పేరు వాళ్ళు పెట్టిందే.

ఆ ఏడు బళ్ళ విషయంలో అందరూ హంట్‌ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఇందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. ఇతను గొప్ప వక్త కాదు, జనాన్ని తనవైపు లాక్కోగలిగే నాయకుడూ కాదు. నూరు బళ్ళవాళ్ళని ఒప్పించలేకపోయాడు. ఒకసారి మాటిచ్చాక మాత్రం లెక్కలు వేసుకోడు. ఇది గుర్తుంచుకుంటే 1857లో అన్నీ వదిలేసి యూటాకి వెళ్ళిపోవడం అంత వింతగా అనిపించదు.

సరే, శాన్ బెర్నార్డినో. సముద్రం వైపు ఒక మజిలీ కావాలి, ఓడల్లో వచ్చే కొత్త మోర్మన్లు అక్కణ్ణించి యూటా చేరాలి అనేది ఆలోచన. 1851 మార్చిలో యూటాలోని పేసన్ నుంచి 150 బళ్ళలో 437 మంది బయల్దేరారు. ఓ ఇరవైమంది పోతారనుకున్న బ్రిగమ్ యంగ్ ఆ గుంపుని చూసి మనసు పాడై వీడ్కోలు మాటలు కూడా చెప్పలేకపోయాడు. బంగారం, ఎండ, పచ్చిక ఉన్న చోటికి ఇంతమంది ఉత్సాహంగా పోవడం ఆయనకి మొదటినుంచీ నచ్చలేదన్నమాట. అమాసా లైమన్, చార్లెస్ రిచ్ అనే ఇద్దరు పెద్దలు లూగో కుటుంబం దగ్గర రాంచోని 77,500 డాలర్లకి బేరం చేశారు. చేతిలో ఉన్నది కొద్దిగా, మిగతాదంతా అప్పు. అప్పుడు కాలిఫోర్నియాలో అప్పంటే మాటలు కాదు, మన లెక్కలో చెప్పాలంటే రెండు రూపాయలు, మూడు రూపాయల వడ్డీ. నెలకి.

ఆ అప్పు తీర్చడానికి ఊరంతా పనిచేసిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. మొదట అక్కడి మూలవాసుల (అమెరికన్ ఇండియన్ల) తిరుగుబాటు భయంతో కోట కట్టుకుని అందులోనే కాపురాలు. 1852లో సుమారు వందమంది మగవాళ్ళు కూలి తీసుకోకుండా కొండమీదికి రోడ్డు వేశారు, పైన దేవదారు చెట్లు కోసి రంపం మిల్లుల్లో పలకలు చేసి లాస్ ఏంజెలిస్‌కి అమ్మారు. నగదు కొరత ఎంతుండేదంటే పలకలే డబ్బుగా చెలామణి అయ్యాయి. గోధుమలు ఊరంతా ఒకే పెద్ద పొలంలో ఉమ్మడిగా వేశారు.

హంట్ ఎమ్మెల్యే అయింది ఈ వాతావరణంలో. 1852 చివర్లో లాస్ ఏంజెలిస్ కౌంటీ నుంచి ఎన్నికయ్యాడు, అప్పటికి శాన్ బెర్నార్డినో దానిలో భాగమే. 1853 ఏప్రిల్ 26న దాన్ని విడదీసి కొత్త కౌంటీ చేసే చట్టం వచ్చింది. కౌంటీ అయితే ఏంటి లాభం? జడ్జి మనవాడు, షెరీఫ్ మనవాడు, పన్ను లెక్కగట్టేవాడూ మనవాడే. మిస్సోరీలో తన్నులు తిన్నవాళ్ళకి అది ఎంత విలువైందో ఊహించుకోవచ్చు. అభ్యర్థుల్ని చర్చి పెద్దలు ముందే అనుకునేవారు, ఎన్నికల్లో దాదాపు ఓట్లన్నీ వాళ్ళకే పడేవి. హంట్ 1857 దాకా అలా గెలుస్తూనే ఉన్నాడు. బయటివాళ్ళ దృష్టిలో ఇది ఎన్నిక కాదు, నియామకం. వాళ్ళన్నదాంట్లో తప్పేం లేదు కూడా.

అయితే అసెంబ్లీలో అతను చేసిందంతా చర్చి పనే అనుకుంటే పొరపాటు. 1855లో కాలిఫోర్నియాని చీల్చి దక్షిణాన కొలంబియా అనే కొత్త రాష్ట్రం చెయ్యాలని బిల్లు పెట్టాడు. రాష్ట్రాన్ని విడగొట్టే బిల్లంటే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. కారణాలు మతానివి కావు. ఉత్తరాన బంగారం గనులు, జనం, సీట్లు. దక్షిణాన పశువులు, భూములు. భూమిశిస్తు కట్టేది దక్షిణంవాళ్ళు, గనివాడికి ఆ బాధ లేదు. రాజధానికి పోవాలంటే రోజులు పడుతుంది. ఆ బిల్లు నెగ్గలేదు, కానీ అదే ఆలోచన 1859లో ఇంకో రూపంలో శాసనసభలో పాసై, దక్షిణాది ఓటర్లు కూడా ఒప్పుకుని, వాషింగ్టన్‌లో అంతర్యుద్ధం తొందరలో ఎవరికీ పట్టక మూలపడింది. దక్షిణాది రైతుల ప్రతినిధిగా హంట్ నిజంగానే పనిచేశాడు. రెండు పాత్రలూ అతనివే, ఒకటి వేషం ఇంకోటి నిజం కాదు.

ఊరు చెడింది చాలావరకు భూమి దగ్గర. లూగోల దగ్గర కొన్నప్పుడు రాంచో చాలా పెద్దదని అనుకున్నారు. ఫెడరల్ ల్యాండ్ కమిషన్ లెక్క తేల్చేసరికి సుమారు 35,000 ఎకరాలే మిగిలింది. ఏ ముక్క మాది, ఏది ప్రభుత్వానిది అని తేలేలోపు ఖాళీగా కనిపించిన చోటల్లా వేరేవాళ్ళు వచ్చి పాతుకుపోయారు, ఆపైన చర్చితో తగువు పడి బయటికొచ్చిన మోర్మన్లు కూడా వాళ్ళతో కలిశారు. 1856 జూలై 4కి ఊళ్ళో రెండు వేరువేరు స్వాతంత్ర్య దినోత్సవాలు జరిగాయి. ఒకే ఊరు, రెండు పందిళ్ళు.

ఇంకో రెండు మచ్చలున్నాయి. మొదటిది పెళ్ళి. 1852లో యూటాలో చర్చి బహుభార్యత్వాన్ని బాహాటంగా ప్రకటించింది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం రెండో పెళ్ళి నేరం. మరి ఆ చట్టాలు చేసే సభలోనే ఇద్దరు భార్యల హంట్ కూర్చున్నాడు. ఈ వైరుధ్యాన్ని ఎవరూ గట్టిగా పట్టుకోలేదంటే దూరం, ఓట్ల అవసరం, రెండూ కారణమే. రెండోది బానిసత్వం. అమెరికా దక్షిణాది నుంచి వచ్చిన కొందరు మోర్మన్లు తమ నల్లజాతి బానిసల్ని కూడా శాన్ బెర్నార్డినో తీసుకొచ్చారు, కాలిఫోర్నియాలో బానిసత్వం 1850 నుంచే నిషిద్ధమైనా సరే. 1855 చివర్లో రాబర్ట్ స్మిత్ అనేవాడు తన దగ్గరున్న పధ్నాలుగుమందిని టెక్సస్ తీసుకుపోబోతే విషయం కోర్టుకెక్కింది. నల్లవాళ్ళు తెల్లవాడి మీద సాక్ష్యం చెప్పకూడదనే చట్టం ఉన్న రోజులు. జడ్జి బెంజమిన్ హేస్ 1856 జనవరిలో వాళ్ళందరూ స్వతంత్రులే అని తీర్పిచ్చాడు. వాళ్ళలో బిడ్డీ మేసన్ తర్వాత లాస్ ఏంజెలిస్‌లో పేరున్న మంత్రసాని అయింది, స్థలాలు కొంది, నగరంలో మొదటి నల్లజాతి చర్చిల్లో ఒకదానికి పునాది వేసింది. అణచివేత నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ ఊళ్ళోనే ఇదంతా జరిగింది. పయనీర్ల కథలు చెప్పేటప్పుడు ఈ పేజీని తిప్పేసి పోవడం నాకు ఇష్టం ఉండదు.

అప్పటికి కొత్తగా వచ్చిన రిపబ్లికన్ పార్టీ ఆ 1856లోనే బానిసత్వం, బహుభార్యత్వం రెండూ అనాగరికపు కవలలని తన మేనిఫెస్టోలో రాసుకుంది. 1857లో అధ్యక్షుడు బుకానన్ యూటా మీదికి సైన్యాన్ని పంపాడు. యూటాలో భయం, ఆవేశం. ఆ వాతావరణంలోనే సెప్టెంబర్ 11న మౌంటెన్ మెడోస్‌లో మోర్మన్ మిలీషియా, వాళ్ళతో చేరిన కొందరు పైయూట్ తెగవాళ్ళు కలిసి కాలిఫోర్నియా పోతున్న సుమారు 120 మంది వలసదారుల్ని చంపేశారు. తెల్ల జెండా చూపించి, ఆయుధాలు పెట్టించి, తర్వాత. పసిపిల్లల్ని మాత్రం వదిలేశారు. 1849లో హంట్ ఆ ఏడు బళ్ళతో విడిపోయిన చోటు అక్కడికి ఎంతో దూరం కాదు, అదే బాట. ఆ వార్త దక్షిణ కాలిఫోర్నియాకి చేరాక మోర్మన్ అన్న మాటకే జనం పళ్ళు నూరారు.

సైన్యం వస్తోంది, అందరూ తిరిగి రండి అని బ్రిగమ్ యంగ్ కబురు అప్పుడే వచ్చింది. ఊళ్ళో అప్పటికి మూడువేలమంది దాకా ఉన్నారు. సగానికి పైగా వెళ్ళిపోయారు. ఒకేసారి అందరూ అమ్మకానికి పెడితే ధర ఎంత పలుకుతుందో తెలిసిందే, మంచి ఇళ్ళు ఒక బండికీ రెండు ఎడ్లకీ పోయాయి. వెళ్ళనివాళ్ళు కూడా చాలామందే, వాళ్ళు మెల్లగా చర్చికి దూరమయ్యారు. హంట్ వెళ్ళాడు. అతనికి ఉండిపోయే వీలుంది, పదవి ఉంది, పలుకుబడి ఉంది. కానీ ఆ పలుకుబడి ఎక్కణ్ణించి వచ్చిందో చూస్తే విషయం తేలిపోతుంది: ఊరిని నిలబెట్టిన క్రమశిక్షణే అతన్ని గెలిపించింది, అదే క్రమశిక్షణ ఊరిని ఖాళీ చేసింది. ఒకటి కావాలి, ఇంకోటి వద్దు అంటే కుదిరేది కాదు. రాష్ట్రమా చర్చా అని అతను తూకం వేసుకున్నాడని మనం అనుకుంటాం, ఆ రెండూ అతనికి వేరువేరు పళ్ళేల్లో ఉండేవని నాకైతే అనిపించదు.

యూటా చేరాక మళ్ళీ మొదటినుంచి. 1860లో ఆగ్డెన్ తూర్పున కొండల మధ్య లోయలోకి కొన్ని కుటుంబాలతో వెళ్ళి ఊరు కట్టాడు, దాని పేరు ఇప్పటికీ హంట్స్‌విల్. (మోర్మన్ చర్చికి తొమ్మిదో అధ్యక్షుడైన డేవిడ్ మకే అక్కడే పుట్టాడు.) వెబర్ కౌంటీ తరఫున యూటా టెరిటరీ శాసనసభలోనూ కూర్చున్నాడు. ఆ సభలో అయితే ఏ వైరుధ్యమూ లేదు, సభ్యులూ చర్చి పెద్దలూ దాదాపు ఒకరే.

అక్కడా ఆగలేదు. అరవై దాటిన వయసులో ఇంకా ఉత్తరానికి, ఇప్పటి ఐడహోలోని ఆక్స్‌ఫర్డ్‌కి కదిలాడు. ఆ ప్రాంతాలు వలసలకి తెరుచుకోవడం వెనక ఒక ఘోరం ఉంది. 1863 జనవరి 29న బేర్ నది ఒడ్డున షోషోనీ తెగ చలికాలపు గూడెం మీద అమెరికా సైన్యం పడి ఆడవాళ్ళూ పిల్లలతో సహా వందలమందిని చంపింది, ఆ తర్వాత ఉత్తరాన ఉన్న లోయల్లోకి వెళ్ళడానికి వలసదారులకి భయం పోయింది.

1879 మే 11న హంట్ ఆక్స్‌ఫర్డ్‌లో చనిపోయాడు. అక్కడికి దగ్గర్లోనే రెడ్ రాక్ కనుమలో ఒంటరిగా నిలబడ్డ ఎర్రరాతి గుట్ట మీద పాతిపెట్టారు. భూగర్భ శాస్త్రవేత్తలకి ఆ చోటు వేరే కారణంగా తెలుసు. దాదాపు 14,500 ఏళ్ళ కింద యూటా పడమటి భాగంలో చాలావరకు కప్పేసిన బోనవిల్ అనే మహా సరస్సు కట్ట తెగి ఉత్తరానికి పారింది ఆ కనుమలోంచే. ఆ వరదకి కొట్టుకుపోకుండా మిగిలిన రాయి మీద ఉంది అతని సమాధి.